కర్నూలు కాగితాలు, కడప కత్తెర

కర్నూలు, కడప వైపు వెళ్తున్నానని తెలియగానే మా ఆవిడ నా సంచిలోంచి రెండు జతల బట్టలు తీసేసి, ఆ చోట్లో నీళ్ళ సీసాలు పెట్టింది. ఎన్ని పెట్టిందంటే, విజయవాడ స్టేషన్లో సంచి ఎత్తిన కూలీ "ఏం సార్, బందరు కాలవ మోసుకుపోతున్నారా?" అన్నాడు. మా కోస్తా వాళ్ళకు రాయలసీమ అంటే ఎండ, బండ, మిరపకాయ. అక్కడి వాళ్ళు వారానికొకసారి నీళ్ళు తాగి, మిగతా ఆరు రోజులూ వాటి రుచి తలుచుకుంటారని మా వీధిలో గట్టి నమ్మకం. నేను వెళ్తున్నది నీళ్ళు ఎక్కువైన వ్యవహారం మీద అని చెప్తే, హాస్యం రాసేవాడు కదా, ఇదీ హాస్యమే అనుకున్నారు.

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్ళోకి వచ్చింది. అది మీరూ పేపర్లలో చదివే ఉంటారు. వరద తీసిన ఏడు వారాలకు, ఎక్కడో సముద్రాల అవతల నుంచి వచ్చిన గ్రాంటుతో ఒక స్వచ్ఛంద సంస్థ ఈ రెండు ఊళ్ళలోనూ శిక్షణ పెట్టింది. ఫైర్ స్టేషన్ల వాళ్ళకు, అంబులెన్సుల వాళ్ళకు, కష్టాల్లో ఉన్న కుటుంబాల దగ్గరకెళ్ళి వాళ్ళ బాధ వినే కౌన్సెలర్లకు. ఊరిని మోసినవాళ్ళ మనసును ఎవరు మొయ్యాలి అన్నది విషయం. శిక్షణ ఇచ్చేది హైదరాబాదు నుంచి వచ్చిన సుమిత్రగారు. మనస్తత్వ శాస్త్రంలో ఆవిడ చదివిన పుస్తకాలు పేర్చితే ఓ మోస్తరు మిద్దె అవుతుంది. ఆవిడ ఇంగ్లీషును తెలుగు చెయ్యడానికీ, జనం తెలుగును ఇంగ్లీషు చెయ్యడానికీ నన్ను పెట్టుకున్నారు. నన్నే ఎందుకంటే, చవగ్గా దొరికాను.

కర్నూలు: గోడ మీద గీత

కర్నూల్లో మొదట కనబడేది కొండారెడ్డి బురుజు అనుకుంటాం. ఆ ఏడాది మాత్రం మొదట కనబడింది గీత. పాతబస్తీలో ప్రతి గోడ మీదా ఒకే ఎత్తున, గోధుమరంగులో, తాడు పట్టి గీసినట్టు నీటి గీత. ఎవరింటి ముందు ఆగినా ఇంటాయన చెయ్యి తన తల పైకెత్తి "ఈడికొచ్చె సార్" అనేవాడు. పొట్టివాళ్ళు స్టూలెక్కి మరీ చూపించారు. అక్కడ "బాగున్నారా?" అని ఎవరూ అడగరు. "అన్నం తింటిరా?" అని అడుగుతారు. మొదటి రోజు నేను యథాలాపంగా "ఇంకా లేదండి" అన్నందుకు మూడిళ్ళలో మూడు భోజనాలు తినాల్సి వచ్చింది. మా వైపు ఇదే మాట అడిగితే తిన్నా తినకపోయినా "ఇప్పుడే అయింది" అనాలి. ఇక్కడ ఆ ప్రశ్నకు నిజమే చెప్పాలని నాకెవరూ చెప్పలేదు.

లాడ్జి ఎదురుగా ఒక హోటలు. పన్నెండు రూపాయలకు ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. ఉగ్గాని అంటే బొరుగులు తడిపి, పిండి, పోపులో వేసేది. మన మరమరాలే, ఇక్కడికొచ్చి ఉద్యోగం సంపాదించుకున్నాయి. బజ్జీ పొడవు చూస్తే దానికి సర్వే నంబరు ఇవ్వొచ్చు. మొదటి కొరుకు కొరికాక నాకు మా తాతగారు కనిపించారు. రెండో కొరుక్కి ఆయన తండ్రి.

"ఏమప్పా, కారమా?" అన్నాడు హోటలాయన, నా కళ్ళ నీళ్ళు చూసి.

"లేదండి, మీ వరద తలుచుకుని."

ఆయన నవ్వలేదని నేను భయపడేలోపు గట్టిగా నవ్వాడు. "రోజూ బొరుగుల మీద మేము నీళ్ళు పోస్తాం సార్. ఆ దినం నీళ్ళే వచ్చి బొరుగుల మీద పడె. ఇరవై మూటలు. ఊరంతటికీ ఒకేసారి ఉగ్గాని!"

నీళ్ళ కోసం ఏడ్చిన ఊరు అది. నీళ్ళే వచ్చి ఏడిపించి పోయాయి. అయినా ఆయన జోకు నా జోకుకంటే పెద్దది. ఆ పూట కొంచెం అణిగి కూర్చున్నాను.

కర్నూలు: ముప్పై ఒక్క 'ఏమీ లేదు'లు

శిక్షణ ఒక కల్యాణ మంటపంలో. వధూవరుల కుర్చీల్లో నేనూ సుమిత్రగారూ కూర్చున్నాం. మా వెనక థర్మోకోల్ నెమళ్ళు రెండు, పెళ్ళి ఇంకా అవలేదన్నట్టు తోకలు విప్పుకునే ఉన్నాయి.

ఆవిడ విషయానికి తెలుగు మాట నాకు ముందే చెప్పి ఉంచారు, 'స్థితిస్థాపకత' అని. నేను మైకులో ఆ మాట పలకగానే ముందు వరసలో ఇద్దరు పళ్ళు సరిచూసుకున్నారు. మీసాలు నెరిసిన ఫైర్ స్టేషనాయన లేచి "సార్, రబ్బరు సంగతా?" అన్నాడు. కొంచెం అలాంటిదే, లాగినా తెగకుండా మళ్ళీ మామూలుగా అవడం అన్నాను. "అయితే తట్టుకోవడం అనరాదా సార్, మాకు తెలిసింది అదొక్కటే" అని కూర్చున్నాడు. సుమిత్రగారు ఆ మాటను నోట్బుక్కులో రాసుకున్నారు.

మధ్యాహ్నం ఒక కాగితం పంచాం. పన్నెండు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, చేతులు వణుకుతున్నాయా, పదేపదే గుర్తొచ్చేది ఏమన్నా ఉందా, ఇలాంటివి. పేరు రాయొద్దని ఆవిడ ఇంగ్లీషులో ఒకసారి, నేను తెలుగులో మూడుసార్లు చెప్పాం. మూడోసారి చేతులు జోడించి చెప్పాను.

సాయంత్రం కట్ట విప్పితే ముప్పై రెండు కాగితాల మీదా పేర్లున్నాయి. ఉత్త పేర్లు కాదు. తండ్రి పేరు, హోదా, స్టేషను, సర్వీసులో చేరిన సంవత్సరం. ఒకాయన ఇంటికెళ్ళి మరీ రబ్బరు స్టాంపు తెచ్చి కొట్టాడు.

ఇదేమిటండీ అని మీసాలాయన్ని అడిగితే ఆయన బాధపడ్డాడు. "పేరు లేకుండా రాసేది ఆకాశరామన్న పని సార్. పై ఆఫీసర్ల మీద రాసేటోళ్ళు అట్ల రాస్తారు. ఇరవై ఆరేండ్ల సర్వీసులో నేను అట్లాంటి ఉత్తరం ఒక్కటి రాయలే. మమ్మల్ని అట్లాటోళ్ళనుకుంటిరా?"

పరువు గల మనిషి ఏ కాగితం రాసినా కింద పేరై నిలబడతాడు. నిజమే. కానీ పేరు పెట్టాక నిజం రాయడం కష్టం. అందుకని పన్నెండు ప్రశ్నలకూ పన్నెండు 'ఏమీ లేదు'లు. చూసి రాసుకున్నారనడానికి సాక్ష్యం కూడా ఉంది: మొదటివాడు 'లేదు'లో ఏత్వం మరిచిపోతే పదకొండు మంది మరిచిపోయారు. ఒకాయన మాత్రం 'ఏమీ లేదు, అంతా తమరి దయ' అని రాశాడు.

కట్టలో అడుగున ఉన్న ఒక్క కాగితమే రెండు వైపులా నిండి ఉంది. మహబూబ్ బాషా, డ్రైవరు. ఆ రోజు ఎక్కడో గడ్డివామి తగలబడితే బండి తీసుకెళ్ళి, ఆలస్యంగా వచ్చి చివర కూర్చున్నాడు. ఏం రాయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఉన్నది రాశాడు. తీరిగ్గా అనువాదం చెయ్యాలని దాన్ని విడిగా పెట్టుకున్నాను.

రైలు: డోన్ దాకా

మర్నాడు సుమిత్రగారు జీపులో కడప బయల్దేరారు. జీపులో నా సీటు ప్రొజెక్టరుకు ఇచ్చారు. గతుకులకు అది పాడైతే గ్రాంటు ఇచ్చినవాళ్ళు ఊరుకోరట. నేను పాడైతే ఊరుకుంటారు. అలా కాగితాల సంచితో రైలెక్కాను.

రైలు కదిలాక ఒక మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. నల్లటి మీసం ఎంత పెద్దదంటే, దాని వెనక మనిషిని తర్వాత చూశాను.

"సార్, నేను బాషా. నిన్న కాగితం రాస్తి."

కూర్చోమన్నాను. అంచున కూర్చున్నాడు.

"దాన్ని నాకియ్యండి సార్. మా పెద్దసారుకు ఒక కాపీ పోతాదంట గదా?"

నిజమే. సిబ్బందిని పంపిన ఆఫీసులకు ఒక్కో సెట్టు ఇస్తామని సంస్థ మాటిచ్చింది. పేర్లుండవనుకుని ఇచ్చిన మాట అది.

"మావోళ్ళు తిట్టినారు సార్. 'ఎందుకు రాస్తివిరా పిచ్చోడా, చేతులొణుకుతాండాయని డ్రైవరు రాస్తే బండి ఇస్తారా? గేటుకాడ కూర్చోబెడతారు' అని. పద్దెనిమిదేండ్లు గంట కొట్టుకుంటా పోయినోన్ని. గేటు తీసేటోన్నయితా."

"నిజంగా వణుకుతున్నాయా?"

"స్టీరింగు పట్టుకుంటే లే. తాడు పట్టుకుంటేనే." ఆయన తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "పడవలో తాడు నా చేతిలో ఉన్యాది సార్ ఆ పొద్దు. మిద్దె మీద ఒక ముసలామె. పడవలో జాగా లే. 'ఈడనే ఉండు పెద్దమ్మా, మళ్ళీ వస్తా' అంటి. 'వస్తావు గదా నాయనా?' అనె. 'వస్తా' అంటి. అంతలో ఇంకో వీధిలో గోడ కూలె. అందరం ఆడికి పోతిమి. మళ్ళీ ఈ వీధిలోకి రావాలంటే నీళ్ళు తోసేసినాయి. రాలేకపోతి."

"తర్వాత వెళ్ళి అడగలేదా?"

"ఏడు వారాల్నుంచి ఆ వీధిలోకి పోలే సార్. అడిగితే ఏం చెప్తారో."

ఆ మాట తర్వాత మేమిద్దరం కిటికీలోంచి చూశాం. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నల్లరేగడి, నడుమ నడుమ నాపరాయి గనులు. మా వైపు పొలానికి ముళ్ళకంచె వేస్తారు, ఇక్కడ బండలు నిలబెడతారు.

కాగితం ఆయన చేతిలో పెట్టెయ్యాల్సింది. పెట్టలేదు. లెక్కకు ముప్పై రెండు ఉండాలి, మేడమ్‌ను అడగాలి అన్నాను. "శనివారం ఈ దారినే వెనక్కి వెళ్తాను. డోన్‌లో కలుద్దాం. అప్పుడు తెచ్చిస్తా."

"వస్తారా సార్?"

"వస్తా."

అన్న తర్వాత అర్థమైంది, ఈ రెండు మాటలూ ఒకసారి పడవలో జరిగినవేనని.

డోన్: ఒక అపశకునం

డోన్ జంక్షన్‌లో రైలు మారాలి. మూడు రూపాయల టీ, గ్లాసు నా బొటనవేలు సైజు. అయినా అందులో పట్టిన పంచదారతో ఒక పెళ్ళికి పాయసం చెయ్యొచ్చు. బాషా అక్క ఆ ఊళ్ళోనే ఉంటుంది. అయినా నా రైలు వచ్చేదాకా ఆయన కదల్లేదు, టీ దుడ్లు కూడా ఆయనే ఇచ్చాడు.

రైలు కదలబోతుంటే కిటికీ దగ్గరకొచ్చి, "పోతా సార్" అన్నాడు.

నా పక్క సీట్లో వేరుశనగ విత్తనాల వ్యాపారి పుల్లయ్యశెట్టి అప్పుడే కాళ్ళు చాపుకున్నాడు. ఈ మాటకు కాళ్ళు దించేశాడు. "ఏందప్పా ఆ మాట? పోతా అంటారా? పోయొస్తా అను!"

బాషా నవ్వాడు. చెయ్యి ఊపాడు. ఆ మాట మాత్రం అనలేదు.

ఈ పట్టింపు మనకూ ఉంది. కొట్టుకు ఉప్పుకెళ్ళినా 'వస్తాను' అనే అంటాం. రాబోయే దాన్ని ముందే అప్పు తెచ్చుకోవడం లాంటిది అది. రైలు ఊరు దాటాక కాగితం తీసి చదివాను. ఏడో ప్రశ్న, పదేపదే గుర్తొచ్చేది. ముసలామె సంగతి రాసి, కింద రాశాడు: 'అప్పటినుండి ఎవరికైనా వస్తా అని చెప్పవలెనంటే నోరు వచ్చుట లేదు. డ్యూటీకి బయలుదేరునప్పుడు ఇంట్లో కూడా పోతా అనుచున్నాను. నా భార్య ఏడ్చుచున్నది.'

ఈ కథనంలో నేను బజ్జీని పెంచాను, మీసాన్ని పెంచాను, టీ గ్లాసును తగ్గించాను. ఈ మూడు వాక్యాలూ ఆయన రాసినంతే.

కమలాపురం: చీనీకాయలు

కమలాపురంలో రైలు ఎందుకో ఆగింది. ప్లాట్‌ఫారం మీద చీనీకాయలు, అంటే మన బత్తాయిలు, పది రూపాయలకు నాలుగు. కిటికీ దగ్గరకు రమ్మంటే అమ్మే ఆవిడ "నీవే దిగి రా నాయనా, నీకేం మోకాళ్ళ నొప్పులా?" అంది. నాకున్నవే అవి. పౌరుషానికి దిగాను. అయిదో కాయ కొసరుకోసం వాదిస్తుంటే రైలు వెళ్ళిపోయింది. సంచి అందులో ఉంది. సంచిలో ముప్పై రెండు మంది పేర్లున్నాయి.

నేను పరుగెత్తాను. ఎంత పరుగెత్తానంటే, ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటూ ఉండాలి. రైలు మాత్రం పట్టించుకోలేదు.

చీనీకాయలావిడే ఆటోను పిలిచి, బేరం కూడా తనే ఆడింది. అయిదో కాయ ఊరికే ఇచ్చింది. కడప చేరేదాకా ఆ కాయ చేతిలో పిసుకుతూ కూర్చున్నాను. కాగితాలు పోతే ఏమవుతుంది? ఎవరో చదువుతారు. ఫలానా స్టేషను డ్రైవరుకు చేతులు వణుకుతున్నాయట అని ఊరంతా పాకుతుంది. ఒక మనిషి నిజం రాస్తే దాన్ని మొయ్యడానికి నాలాంటివాణ్ణా పెట్టేది?

కడప స్టేషన్లో బెంచీ మీద పుల్లయ్యశెట్టి కూర్చుని ఉన్నాడు. సంచి ఆయన ఒళ్ళో పసిపిల్లలా ఉంది.

"ఎంతసేపయ్యిందండీ?"

"గంటన్నర. మా బావమరిది వచ్చి తిట్టి పాయె."

"స్టేషన్ మాస్టరుకు ఇచ్చి వెళ్ళాల్సింది కదా."

"సంచి ఈడుంటే మనిషి రాడా? వచ్చేటోడికి ఎదురుగా ఒక మనిషుంటే బాగుంటాది గదప్పా." లేచి, దులుపుకుని, వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "పోయొస్తా. విన్యావా? అట్లనాల."

కడప: కత్తెర

బాషా సంగతంతా సుమిత్రగారికి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "తప్పు నాది. పేరు రాయొద్దని చెప్పాను గాని, పైన అంత ఖాళీ చోటు వదిలి ఇచ్చాను. ఆఫీసులకు కాపీలివ్వడం లేదని ఈ రోజే ఉత్తరం రాస్తాను. కాగితం ఆయనది. తిరిగి ఇచ్చెయ్యండి." లెక్కో అన్నాను. "ముప్పై ఒకటి అని నిజం రాస్తే ఏం? గ్రాంటు కూలిపోతుందా?"

మర్నాడు పొద్దున కారం దోశె తిన్నాం. పదిహేను రూపాయలు. దాని మీద పూసిన ఎర్రకారం చూసి సుమిత్రగారు అగ్నిమాపక సిబ్బంది ఈ జిల్లాకు ఎందుకు అవసరమో ఇప్పుడర్థమైందన్నారు. ఆవిడ వేసిన ఒకే ఒక్క జోకు అది. నాకు కొంచెం అసూయ వేసింది.

హాల్లోకి వెళ్ళగానే కత్తెర తెప్పించి, కొత్త కాగితాల పైభాగం, పేరు రాసే మేరకు, అందరి ముందూ కత్తిరించాం. ఆ పని నాది. కత్తిరించిన కాగితాలు పంచితే ఇద్దరు అట్టడుగున పేరు రాశారు.

"పైన జాగా లేకపాయె, కింద రాస్తిమి" అన్నారు.

కింద కూడా కత్తిరించాను. ఇంకాసేపైతే ప్రశ్నలు మాత్రమే మిగిలేలా ఉన్నాయి.

అప్పుడు ముందు వరసలో ఒకావిడ చెయ్యెత్తింది. ఓబులమ్మ, యాభై ఏళ్ళ కౌన్సెలరు. సేద్యంలో దెబ్బతిని మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకు వెళ్ళి కూర్చోవడం ఆమె పని.

"సార్, మీరిద్దరూ రాస్తిరా?"

"మేం శిక్షణ ఇచ్చేవాళ్ళం కదమ్మా."

"డాక్టరుకు జరం రాదా? నేను యాడికి పోయినా ముందు వాళ్ళింట్లో నీళ్ళు తాగుతా సార్. వాళ్ళ చెంబుతో. అప్పుడే నోరిప్పుతారు. మీరు మా చెంబు ముట్టుకోకుండా మమ్మల్ని తాగమంటాండారు."

హాలు నవ్వింది. సుమిత్రగారు నవ్వలేదు. రెండు కాగితాలు తీసి ఒకటి నాకిచ్చి, ఒకటి తను పెట్టుకుని, అందరి ముందూ కింద కూర్చుని రాయడం మొదలెట్టారు. తర్వాత ఆవిడ తనది చదివారు. అది ఆవిడది, ఇక్కడ రాయను. నాది చెప్తాను. నా తమ్ముడు పోయిన రోజు పలకరించడానికి వచ్చినవాళ్ళను ఎనిమిది మందిని నవ్వించి పంపాను. వాళ్ళు ఏడుస్తుంటే చూడలేక. అప్పటినుంచి ఆపడం చేతకావడం లేదు. మా ఆవిడ ఏదన్నా బాధ చెప్పబోతే నా నోట్లో జోకు ముందే సిద్ధంగా ఉంటుంది. ఆమె ఇప్పుడు చెప్పడం మానేసింది. నీళ్ళ సీసాలు సర్దుతుంది.

మైకు కింద పెట్టాను.

"అట్ల రా" అంది ఓబులమ్మ మెల్లగా. "నేనూ రాస్తా. ఊళ్ళోవాళ్ళ ఏడుపంతా వింటా. ఇంటికి పోయినాక మా మనవరాలు ఏడిస్తే కొట్టబుద్దయితాది. ఎవురికి చెప్పుకోవాల?"

ఆ మధ్యాహ్నం టీ చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు. సాయంత్రం కట్ట విప్పితే 'ఏమీ లేదు' అన్నది ఒక్కటి కూడా లేదు. ఆ కాగితాల్లో ఏముందో చెప్పను. ఒకటి మాత్రం చెప్పాలి. తిరిగి వెళ్ళి తట్టడానికి తలుపంటూ మిగలని వాళ్ళు అందులో ఉన్నారు. ఒకసారి రాసుకుంటే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్తే అది ఈ కథనంలో అన్నిటికంటే పెద్ద అతిశయోక్తి అవుతుంది.

ఒంటిమిట్ట: హనుమంతుడు లేని రాముడు

శుక్రవారం పనేమీ లేదు. కడప నుంచి ఒంటిమిట్ట దగ్గరే. కోదండరాముడి గుడి మంటపంలో రాతి స్తంభాల నీడ ఎంత చల్లగా ఉందంటే, బయట ఎండకు నేను పాత బాకీలా కనిపించాను, లోపలికొస్తే వదిలేసింది.

గర్భగుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ఉన్నారు. కాళ్ళ దగ్గర చోటు ఖాళీ.

"హనుమంతుడేడీ?" అని అడిగాను పూజారిని.

"ఈడి రాముడు హనుమంతుణ్ణి ఇంకా కలవలేదు స్వామీ. అంతకు ముందటి రాముడు."

సుమిత్రగారు ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ నిలబడిపోయారు. కాపాడడానికి వచ్చేవాడు ఇంకా రాలేదు. వస్తాడని తెలియదు కూడా. అయినా ముగ్గురూ నిలబడే ఉన్నారు. కర్నూల్లో నేను పలికితే జనం పళ్ళు సరిచూసుకున్న మాట ఇక్కడ రాతిలో చెక్కి పెట్టారు అనిపించింది.

బయటికొచ్చాక ఆవిడ, జీపు రేణిగుంట దాకా వెళ్తోంది, ప్రొజెక్టరు కడపలోనే ఆగిపోయింది, నాకు సీటుందన్నారు. అక్కణ్ణుంచి ఒకే రైలు, పొద్దునకల్లా మా ఇల్లు.

"డోన్ మీదుగా వెళ్తానండి."

"కాగితం కొరియర్లో పంపొచ్చు కదా?"

"వస్తానని చెప్పాను."

ఆవిడ ప్రసాదం పొట్లం నా సంచిలో పెట్టారు.

మళ్ళీ డోన్

ఏ రైలుకు వస్తానో బాషాకు చెప్పనేలేదని డోన్ దగ్గరపడ్డాక గుర్తొచ్చింది. దిగి చూస్తే టీ బండి పక్కన ఆ మీసం కనిపించింది. పక్కన కర్నూలు ఫైర్ స్టేషను నెరిసిన మీసాలాయన కూడా ఉన్నాడు, 'ఆకాశరామన్నా' అని నొచ్చుకున్నాయన.

"పొద్దున్నుంచి నాలుగు రైళ్ళు చూస్తిమి సార్" అన్నాడు ఆయన. "వీడు కదలడే! 'ఆ సార్ రాడురా, కోస్తా ఆయన' అని నేనంటి."

"వచ్చినాడు గదన్నా" అన్నాడు బాషా.

ఆఫీసుకు కాపీలు వెళ్ళవని చెప్పి, కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు వైపులా చదివాడు, ఎవరో రాసింది చదివినట్టు.

"కడపలో ఏం రాస్తిరి సార్ వాళ్ళు?"

"అది చెప్పను. రాశారు. అందరూ."

"అందరూనా?"

"నేను కూడా."

మీసాలాయన టీ గ్లాసులోకి చూస్తూ, "నాకూ నిద్ర రాలేదురా" అన్నాడు. "పెద్దోన్ని, నేను రాస్తే బాగుండదని..."

బాషా కాగితం పైభాగాన్ని గోటితో గీత పెట్టి మడిచాడు. పేరు, తండ్రి పేరు, స్టేషను ఉన్నంత మేర జాగ్రత్తగా చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలింది నాకు తిరిగిచ్చాడు.

"ఇది మేడమ్‌కియ్యండి సార్. వాళ్ళందరూ రాసినంక నేనొక్కడే వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటాది?"

"ఆకాశరామన్నవి అయిపోయావురా" అన్నాడు మీసాలాయన.

"కానీలే అన్నా. ఆకాశరామన్న గూడా ఒకోసారి నిజమే రాస్తాడు."

నా రైలొచ్చింది. ఫోన్ నంబరు రాసిచ్చి, "వస్తానప్పా" అన్నాను. బాషా చెయ్యెత్తాడు. పెదవులు కదిలాయి గాని రైలు కూత వేసింది. ఏమన్నాడో నాకు వినబడలేదు.

ఇల్లు

మా ఆవిడ సంచి విప్పి, ముట్టుకోని నీళ్ళ సీసాలు లెక్కపెట్టి, "నీళ్ళు తాగలేదా?" అంది. ఏదో జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. "వాళ్ళ చెంబుతో తాగాను. కూర్చో, చెప్తాను" అన్నాను. ఆమె అనుమానంగా కూర్చుంది.

రెండు వారాలకు, ఒక ఆదివారం పదకొండింటికి ఫోను మోగింది.

"సార్, బాషాను. ఆ వీధికి పోయినా సార్. మొన్న డోన్‌కు వచ్చిన అన్నే తోడొచ్చె."

ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"ఉండాది సార్. పెద్దమ్మ ఉండాది. ఆ సాయంత్రం ఇంకో పడవోళ్ళు దించినారంట. తలుపు తీసి నా మీసం చూసి గుర్తుపట్టె. శానా తిట్టింది సార్! నన్ను తిట్టె, మా నాయన్ను తిట్టె, నాకు డ్రైవింగ్ నేర్పినోన్ని తిట్టె. పొద్దుగూకేదాకా మిద్దె మీద నిలబడి నా కోసరం చూసిందంట. వీధిలో అందరూ వచ్చి నిలబడినారు." ఆయన గొంతు నవ్వుతోందో ఇంకేం చేస్తోందో తెలియలేదు. "తిట్టి తిట్టి, అన్నం తింటివా అనె. లే అంటి. పెట్టింది సార్."

"తర్వాత?"

"చెయ్యి కడుక్కుని లేచినా. అప్పుడు ఏమనాలో తెలీలే సార్ కొంచెంసేపు. 'మళ్ళీ వస్తా పెద్దమ్మా' అంటి."

"ఏమంది?"

"'ఈ తూరి రాకుంటే చూడు, కాళ్ళిరగ్గొడతా' అనింది."